తొమ్మిదో ప్రశ్న

అంకాలమ్మ ఆ కాలేజీ హాస్టల్లో అంట్లు తోమే పనికి చేరింది జీతం కోసం కాదు. ప్రిన్సిపాల్ పద్మనాభయ్యను నలుగురిలో నిలబెట్టి కడిగెయ్యడానికి చేరింది. ఎలాగో తెలియదు, ఎప్పుడో తెలియదు. రెండేళ్ళుగా రోజూ నాలుగొందల కంచాలు తోముతూ కాచుకుని ఉంది.

అంతకుముందు ఆమెది కావలి అవతల సముద్రపొడ్డున ఎండుచేపల బేరం. మొగుడు చిన్నపోలయ్య వేటకు పోతే, ఆమె గంపెత్తుకుని బిట్రగుంట రైల్వే క్వార్టర్ల దాకా తిరిగేది. ఒక్కగానొక్క కొడుకు ముఖేష్. వల పట్టే బతుకు తమతోనే ఆగిపోవాలని వాణ్ణి ఈ కాలేజీలో ఇంటర్లో చేర్పించారు. రెండో ఏడు, ఈ హాస్టల్లోనే, వాడు ప్రాణం తీసుకున్నాడు.

ఊరి పెద్దల్ని వెంటబెట్టుకుని వెళ్తే పద్మనాభయ్య ఒక కాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు. పిల్లల మనసులో చచ్చిపోవాలన్న ఆలోచన ఉందేమో ముందే కనిపెట్టే పన్నెండు ప్రశ్నల కాగితమది. అన్నిటికీ 'లేదు' అన్న గడిలోనే టిక్కు.

"చూడండి, ఏ బాధా లేదని మీవాడే రాసినాడు. ఏం జరిగినా ఇంట్లోనే జరిగుంటది" అన్నాడు. జిరాక్సు ఒకటి చేతిలో పెట్టి పంపించాడు.

ఆ మాట ఊరంతా పాకింది. సెలవులకు వచ్చినప్పుడు తల్లే ఏదో అనరాని మాట అనుంటుందన్నారు. ఏడాది తిరిగాక, ఆఖరికి చిన్నపోలయ్య కూడా ఓ రోజు కూటి ముందు కూర్చుని, "నిజం చెప్పు, వాణ్ణేమన్నా అన్నావా?" అని అడిగాడు. ఆ ప్రశ్నను అంకాలమ్మ క్షమించలేదు. మొగుడినైనా క్షమిస్తుందేమో గానీ, మొగుడి నోట ఆ మాట పలికించినవాణ్ణి క్షమిస్తుందా! మర్నాడే గంప మూల పడేసి ఇక్కడ పనికి కుదురుకుంది. పద్మనాభయ్య రోజూ ఎదురుపడతాడు, ఒక్కసారీ గుర్తుపట్టలేదు. అంట్లు తోమే మనిషి మొహం ఎవడు చూస్తాడు?

ఈ ఏడు నెల్లూరు నుంచి సుప్రియ అనే డాక్టరమ్మ వచ్చింది. ఆ ప్రశ్నల కాగితాన్ని ఏళ్ళ తరబడి వాడుతున్నారే గానీ, అది బాధలో ఉన్న పిల్లల్ని నిజంగా పట్టిస్తుందా లేదా అని ఈ చుట్టుపక్కల ఎవరూ సరిచూడలేదట. పిల్లలు ముందు కాగితం నింపాలి. తర్వాత ఆమె ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలి. రెండూ కలుస్తాయో లేదో చూడాలి.

కాగితాలు నింపే ముందురోజు భోజనాల వేళ పద్మనాభయ్య మెస్సులో మైకు పట్టుకున్నాడు. ఎంట్రెన్సులకు కోచింగ్ ఇచ్చే మహానుభావుడికి ఇదొక పరీక్షా! "అన్నిటికీ లేదు. రెండో గడి. తప్పు పెట్టినోడికి రెట్టింపు స్టడీ అవర్" అన్నాడు. టిక్కులు పెట్టిన 'కీ' కాగితాలు బల్లకొకటి పంచి, మళ్ళీ ఏరించాడు. ఒకటి మాత్రం సాంబారులో తడిసి బల్ల కింద ఉండిపోయింది. నేల తుడుస్తున్న అంకాలమ్మ దాన్ని చూసి ఆగిపోయింది. ఆమెకు చదువు రాదు. కానీ ఆ టిక్కుల వరసను ఇంట్లో మూడేళ్ళుగా చూస్తూనే ఉంది.

నాలుగు రోజులకు, సుప్రియ తలపట్టుకుని కూర్చున్న గదిలోకి అంకాలమ్మ రెండు కాగితాలతో, కొడుకు జిరాక్సూ ఆ సాంబారు మరకల కాగితమూ పట్టుకుని, వెళ్ళింది.

"పిల్లలు నా దగ్గర వెక్కి వెక్కి ఏడుస్తున్నారమ్మా. కాగితంలో చూస్తే ఏమీ లేదు. ఇది పనికిరాదని రాసేద్దామనుకుంటున్నా" అంది సుప్రియ.

"కాగితానిదేం తప్పు లేదు మేడం. రాపిచ్చినోడు ఎదవ."

సుప్రియ రెండూ పక్కపక్కన పెట్టి చదివింది. తొమ్మిదో ప్రశ్న దగ్గర ఆగింది. "చదవకుండా టిక్కు పెట్టేవాళ్ళు దొరకాలని దీన్ని తిరగేసి పెట్టారు. దీనికి 'అవును' అంటేనే మంచిది. 'నీ బాధ చెప్పుకోవడానికి నీకు ఎవరి తోడైనా ఉందా?' అని అడిగారు."

కొడుకు కాగితంలో ఆ టిక్కు ఎక్కడుందో అంకాలమ్మ వేలు పెట్టి చూపించమంది.

"లెక్చరర్లను బయటికి పంపి మళ్ళీ రాయిస్తాను. ఏడ్చిన పిల్లల్ని వదిలిపెట్టను. వాళ్ళ కాగితాలు ఎవరికీ చూపించను కూడా. ఈ రెండూ మాత్రం నీవి, నీ ఇష్టం" అంది సుప్రియ.

ఆదివారం తల్లిదండ్రుల మీటింగు. పద్మనాభయ్య ర్యాంకుల గొప్పలు చెబుతుండగా అంకాలమ్మ తడి కొంగుతో నేరుగా స్టేజీ ఎక్కింది.

"ఎవరమ్మా నువ్వు?"

"ముఖేష్ వాళ్ళమ్మని. నాకు చదువు రాదు సారూ. ఇది నా బిడ్డ కాగితం, ఇది నువ్వు పంచిన కీ. తొమ్మిదోది చదివి పెట్టు."

ఆయన వాచ్‌మన్ కోసం చూశాడు. "చదవండి సార్" అని ముందు వరసలోంచి ఎవరో గద్దించారు. ఆయన గొణుగుతూ చదివాడు.

"జవాబు గూడా."

"లేదు."

"నేనుండా గదయ్యా! ప్రతి ఆదివారం ఆ గేటు కాడ గంటలు గంటలు కూసోనుండా. తోడు లేదని నా బిడ్డ చేతే రాపిచ్చి, ఆ కాగితమే నా మొహాన కొట్టినావు. మొన్న ఈళ్ళ పిల్లల చేత గూడా అదే రాపిచ్చినావు!"

హాలంతా లేచింది. పద్మనాభయ్య చేతులు జోడించి, "పొరపాటైంది తల్లీ" అన్నాడు. ఆ దండం ఆమెకు అక్కర్లేదు. అందుకోసం కాదు రెండేళ్ళు చేతులు పాచిపోయేలా అంట్లు తోమింది. మైకు పీకి ఆయన నోటి దగ్గర పెట్టింది.

"మళ్ళీ చదువు. గట్టిగా. ఎనకాలోళ్ళకు వినపడలా."

వెనక వరసలో, ఆమె పట్టుబట్టి పిలిపించిన ఊరి పెద్దలున్నారు. వాళ్ళ పక్కన చిన్నపోలయ్య ఉన్నాడు. పద్మనాభయ్య మళ్ళీ చదివాడు. ఈసారి చిన్నపోలయ్యకు కూడా వినపడింది.