మంత్రంలో పేరు చెప్పే చోట

కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు తిరిగి తిరిగి ఆగిపోయాయి. నిద్రమత్తులోనే పక్కకు చేయి చాపి పాప జబ్బ తడిమాను... బోసిగా ఉంది.

తాయత్తు లేదు.

నాకు భయం వేసింది అక్కడే. ఏ చప్పుడూ వినకముందే. నమ్మండి. పిల్లల మీద ఒట్టు వేయను, వేయకూడదు. నా మీదే వేసుకుంటున్నాను. ఇందులో ఒక్క మాట కూడా కల్పించలేదు.

మేము పెనుకొండలో అద్దెకుంటాం. మా ఆయనకు ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీలో పని. ఆ వారం నైట్ షిఫ్టు. పాప లాస్యకు ఆరేళ్ళు, చిన్నోడికి రెండు. పోయిన ఎండాకాలం లాస్య నిద్రలో లేచి నడిచేది. కళ్ళు తెరిచే ఉంటాయి, మనల్ని మాత్రం చూడవు. నేరుగా వీధి తలుపు దగ్గరికి పోయి గడియ మీద చేయి వేసేది. తెల్లారి అడిగితే, ఎవరో పిలిచారనేది.

వయసుతో తగ్గుతుందన్నారు డాక్టరు. హిందూపురంలో ఉండే మా అమ్మ ఊరుకోలేదు. పరిగి పక్క పల్లెలో ఒక ముసలాయన దగ్గరికి తీసుకుపోయి రాగి తాయత్తు కట్టించింది. బీయస్సీ చదివిన నేనే పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ఆయన నా చెవిలో ఒక మంత్రం చెప్పాడు. చిన్నదే. అందులో ఒకచోట తల్లి పేరు, ఆ వెంటనే బిడ్డ పేరు చెప్పాలి. ఎవరి పేరున కట్టింది వాళ్ళకే, ఇంకొకరి చేతికి మార్చకూడదన్నాడు. ఆ రోజు నుంచి లాస్య లేవలేదు. ఎందుకో నాకు తెలియదు. లేవలేదు, అంతే. గ్యాస్ కట్టేశానా లేదా అని చూసుకున్నట్టు, రాత్రిళ్ళు ఆ తాయత్తును తడిమి చూసుకోవడం నాకు అలవాటైపోయింది.

ఆ రాత్రి అది లేదు.

చిన్నోడికి జ్వరమని మా అత్త ధర్మవరం నుంచి వచ్చి ఉంది. లోపలి గదిలో వాణ్ణి పక్కలో వేసుకుని పడుకుంది. సెల్లు వెలుతురులో చూశాను. తాయత్తు వాడి చేతికి ఉంది. పాప జబ్బ కొలత కదా, వాడికి వదులై, నల్లదారం రెండు చుట్లు చుట్టి ఉంది.

"అత్తా, ఇది పాపది కదా" అన్నాను.

ఆమె మేలుకునే ఉంది. "నేనే మార్చినా. వానికి ఒళ్ళు కాలిపోతాంటే ఆ పిల్లకెందుకు అది? గట్టిగానే ఉండాది కదా."

మంత్రంలో నా పేరు, ఆ వెంటనే పాప పేరు చెప్పి కట్టింది, మార్చకూడదన్నాడని చెప్పాను.

"ముందర వచ్చేది తల్లి పేరే కదా. ఇద్దరికీ తల్లివి నువ్వే కదా. అంత చదివినావు, ఆ మాత్రం తెలీదా? పోయి పండుకో."

ఆరేళ్ళుగా ఆమె నోట లాస్య అన్న మాట నేను వినలేదు. ఎప్పుడూ 'ఆ పిల్ల'. చిన్నోడికైతే పూటకో ముద్దు పేరు. వెనక్కి వచ్చాను.

చాప మీద పాప లేదు.

తలుపు దగ్గర నిలబడి ఉంది. గడియ మీద చేయి. కళ్ళు తెరిచే ఉన్నాయి...

ఉలిక్కిపడేలా లేపకూడదంటారు. ఒక్కో అడుగు వేస్తూ, గొంతులోనే మంత్రం మొదలుపెట్టాను. వీధిలో కుక్కలు కూడా అరవడం లేదు. నా ఊపిరే నాకు వినిపిస్తోంది. తల్లి పేరు వచ్చింది. నా పేరు చెప్పాను. తర్వాత...

ఆగిపోయాను.

తాయత్తు వాడి చేతికి ఉంది. వాడి ఒళ్ళు కాలుతోంది. ఇప్పుడు పాప పేరు చెబితే, ఆ రక్ష వాడి మీద నుంచి పోతుందా? వాడి పేరు చెబితే... మరి పాప? రెండు పేర్లూ నాలుక మీదే ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

అప్పుడు... తలుపు అవతల నుంచి...

"లాస్య."

గట్టిగా కాదు. పద్యం మరిచిపోయిన పిల్లకు టీచరు అందించినట్టు. మెల్లగా. ఓపికగా. ఆడగొంతో మగగొంతో చెప్పలేను. నా చెవిలో మాత్రమే చెప్పిన మంత్రం అది... నేను ఆపిన చోటనే అందుకుంది.

"ఊఁ" అని పలికింది నా బిడ్డ.

గడియ కదిలింది. ఇనుము జారే చప్పుడు... టక్.

ఎలా దూకానో తెలియదు. పాపను లాక్కుని, గడియ బిగించి, తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. చెక్క చల్లగా ఉంది. అవతల కూడా ఎవరో ఆనుకున్నట్టు... తలుపు ఒక్కసారి, కొంచెమే, నా వీపును ఒత్తింది.

ఆ తర్వాత ఏమీ లేదు. తెల్లారేదాకా అలాగే కూర్చున్నాను.

మా ఆయన వచ్చి విన్నారు. లోపలి గదిలోంచి మా అమ్మే పిలిచి ఉంటుందిలే, చీకట్లో నీకు అలా అనిపించిందన్నారు. అలాగే అనుకోవాలని నాకూ ఉంది. కానీ గొంతు వచ్చింది వీధి వైపు నుంచి. పైగా మా అత్త ఆ పేరు పలకదు. ఒక్కోసారి, నేనే పలికానేమో అనిపిస్తుంది. పెదవులు కదలలేదే...

చిన్నోడికి జ్వరం దిగింది. అవును, దిగింది. నేను మార్చబట్టే కదా అని మా అత్త పక్కింటివాళ్ళకు కూడా చెప్పుకుంది. వాడి నుదురు చల్లగా తగిలినప్పుడు నాకూ ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషమే ఇప్పుడు గొంతులో ముల్లులా ఉంది. తాయత్తు విప్పితే మళ్ళీ జ్వరం వస్తుందట. విప్పనివ్వలేదు. ఆదివారం మళ్ళీ ఆ ముసలాయన దగ్గరికి పోదామంది మా అమ్మ. అందాకా పాప చేయి ఇలా ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంటాను, ఇది రాస్తున్నప్పుడు కూడా.

ఆ పొద్దున ఇద్దరినీ ముందర కూర్చోబెట్టుకుని ఉగ్గాని తినిపిస్తూ చెప్పాను. రాత్రిపూట ఎవరు పేరు పెట్టి పిలిచినా పలకద్దు. నేను పిలిచినా సరే.

చిన్నోడికి ఏం తెలుసు, నవ్వాడు. లాస్య నమలడం ఆపి, మా అత్త ఉన్న గది వైపు చూసింది.

"అవ్వ పిలిస్తే?"

"అవ్వ నిన్ను పిలవదులేమ్మా" అన్నాను. "తిను."