పిడికెడు చోళ్లు

ఉదయం ఆరూ ఇరవైకి ఆశా కార్యకర్త ఫోన్ చేయడంతో, మా షావుకారు కాఫీ గింజలు వేయించే పొయ్యి ఆర్పి జీపు తీశారు. ఆయన దగ్గర పనిచేసే నేనూ వెంట వెళ్లాను. అరకులో మాది చిన్న కాఫీ పొడి దుకాణం. దాని తరఫున ఆయన ఒక ట్రస్టు పెట్టి, కొండమీది రోగులను ఆసుపత్రికి చేర్చడానికి ఆ జీపు కొన్నారు. అద్దం మీద 'ఉచితం' అని రాయించారు. నెల గడిచినా ఎవరూ ఎక్కలేదు.

ఆ రోజు నొప్పులు పడుతున్న కోడలిని డోలీలో రోడ్డు దాకా తెచ్చిన ముసలమ్మ కూడా జీపుకు దూరంగానే నిలబడింది.

"బేగి ఎక్కించమ్మా," అన్నారు షావుకారు.

"ఊరికే ఎక్కకూడదు బాబూ. ఏటీ ఇయ్యకుండా మోయించుకునీది పీనుగొక్కటే."

ఆయన వాదించలేదు. చెయ్యి చాచారు.

"అయితే నా కూలి ఇయ్యి. ఆ మూటలో ఏటున్నాయి?"

"చోళ్లు."

"పిడికెడు పెట్టు. నీ పిడికిలి చిన్నది, నాకే నష్టం."

ముసలమ్మ నవ్వి, మూట విప్పి పిడికెడు రాగులు ఆయన చేతిలో పోసింది. కోడలు జీపెక్కింది. మధ్యాహ్నానికి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది.

ఆ తరవాత ఏ ఊరికి వెళ్లినా ఆయన చెయ్యి చాచాకే బండి కదిలేది. చింతపండో, పసుపు కొమ్మో, ఏదో ఒకటి ఆ చేతిలో పడేది.

కొన్నేళ్లకు షావుకారు పోయారు. ట్రస్టును ఆయన కొడుకు నడుపుతున్నాడు. జీపు కొండకు వెళ్లి వస్తూనే ఉంది. ఎక్కేవాళ్లను ఇప్పుడు ఎవరూ ఏమీ అడగడం లేదు, ముసలమ్మ అన్న ఆ పీనుగును అడగనట్టే.