గిన్నెలో దాచిన మన్నా

ఫ్రీజర్ తలుపు తీసినప్పుడల్లా, డెబ్బైల్లో అరబ్బు ఎడారి ఊరు రుస్తాఖ్‌లో మేమున్న ఆసుపత్రి క్వార్టర్స్ గుర్తొస్తాయి. ఒక మధ్యాహ్నం వడగళ్ళు పడి వాకిలంతా తెల్లబడింది. డ్యూటీ దిగి వచ్చిన అమ్మ, నర్సు బట్టలతోనే, నాన్న మీద గుప్పెళ్ళతో విసురుతూ నవ్వింది. నేను మాత్రం సండే స్కూల్లో విన్న మన్నాయే, దేవుడు ఎడారిలో తనవాళ్ళకి కురిపించిన ఆ తిండే, ఆకాశం నుంచి రాలుతోందనుకున్నాను. గిన్నె నిండా ఏరి, ఎవరికీ పెట్టకుండా మంచం కింద దాచాను.

సాయంత్రానికి గిన్నెలో నీళ్ళే ఉన్నాయి. చెల్లి గౌను జేబు తడిగా కనబడింది.

"నా మన్నా దొంగిలించావు కదే!" అని దాని చెంప మీద కొట్టాను.

"లేదన్నయ్యా, నీకోసమే నాలుగు దాచా. అవి కూడా ఎటో పోయాయి," అని ఏడ్చింది.

అమ్మ దాన్ని దగ్గరికి తీసుకుంది. "ఐసు కరిగిపోద్దిరా, పిచ్చోడా!"

అంతవరకూ ఐసే చూడని నాకు కరగడమేమిటో అర్థం కాలేదు. చెల్లి చెప్పింది నిజమని మాత్రం అర్థమైంది. అయినా, కొట్టిన చేతిని వెనక్కి దాచుకున్నానే గాని, తప్పయిందని అనలేదు.