కొబ్బరినీళ్లు తాగిన మెట్టు

1994 ఎన్నికలప్పుడు కోదాడ సెంటర్లో ఓ అభ్యర్థి ప్రచార బండి తలుపు తీసుకుని, జనానికి దండం పెడుతూ, లేని మెట్టు మీద కాలు పెట్టాడు. దండం విడవలేదు. జోడించిన చేతులతోనే, బండి పక్కన పళ్లమ్ముకునే యాదమ్మ సీతాఫలాల గంపలో కూర్చున్నాడు. జనం ముందు చప్పట్లు కొట్టి, తరువాత ఆలోచించారు.

ఆ బండిలో పడక, అద్దం, కుర్చీ అన్నీ ఉండేవి. తలుపు తీస్తే మోటారు మెట్టు దానంతటదే బయటికి దిగేది, మూస్తే లోపలికి పోయేది. దాన్ని చూసుకునేది దస్రు. ఆత్మకూరు దగ్గరి తండాలో పుట్టి, పాత లారీల డైనమోలు విప్పి విప్పి పని నేర్చుకుని, సూర్యాపేటలో లారీల కరెంటు పని కొట్టు పెట్టుకున్నాడు. 'దస్రు ఎలక్ట్రికల్స్' అని బోర్డు రాయించుకోవడానికే పన్నెండేళ్లు పట్టింది.

సాయంత్రానికి బండి ఆ బోర్డు ముందే ఆగింది. అభ్యర్థి బావమరిది, కోదాడ వెంకటేశ్వర్లు, పదిమందితో దూకాడు.

"అవతలి పార్టీకి అమ్ముడుపోయావట్రా? రేపు మిర్యాలగూడ పార్టీ సభలో మెట్టు రాకపోయిందా, నీ బోర్డు పీకి బండి కింద తొక్కిస్తా!"

దస్రు టెస్టు బల్బు పట్టుకుని బండి కింద దూరాడు. మోటారుకు కరెంటు వస్తోంది. ఎర్తు వైరు బోల్టుకే పచ్చగా చిలుము పట్టింది. వాసన చూశాడు. పుల్లగా ఉంది.

"కొబ్బరికాయ యాడ గొడ్తున్నరు సారూ?"

"ఊరూరా మెట్టు మీదే. గడప లాంటిది కదా!"

"ఆ నీళ్లన్ని లోపటికి వోతున్నయ్. జర టైరు కాడ గొట్టుండ్రి."

"కాయ ఎక్కడ కొట్టాలో తండావాడు చెప్తాడా మాకు!"

పదిమందీ నవ్వారు. దస్రు చిలుము గీకి, వైరు మార్చి, గ్రీసు పూశాడు. తలుపు పదిసార్లు తీస్తే మెట్టు పదిసార్లూ వచ్చింది.

మర్నాడు దారిలో, ఒక్క గరిడేపల్లిలోనే ఆరు కాయలు మెట్టు మీద పగిలాయి. మిర్యాలగూడలో తలుపు తీస్తే మెట్టు లేదు. అభ్యర్థికి బుద్ధి వచ్చింది కాబట్టి ముందు కిందికి చూశాడు. చివరికి మిల్లు హమాలీలు బియ్యం బస్తాను దించినట్టు దించారు.

అక్కడినుంచి బండి నేరుగా సూర్యాపేటకొచ్చింది. వెంకటేశ్వర్లు దిగీ దిగగానే బోర్డు మీద చెయ్యి వేశాడు. దస్రు మెట్టు స్విచ్చి డబ్బా ఊడదీసి వంచాడు. కుంకుమ కలిసిన కొబ్బరినీళ్లు బొటబొటా కారాయి. వెనకాలే ఓ పీచు ముక్క పడింది. పదిమందీ ఈసారి వెంకటేశ్వర్లు మొహం చూశారు. బోర్డు మీది చెయ్యి మెల్లగా జేబులోకి పోయింది. నోరు మాత్రం ఊరుకోలేదు.

"ఏదైతేనేం, మెట్టన్నాక దిగాలి కదరా! ఎందుకు దిగదు?"

"మీరొక మెట్టు దిగుండ్రి సారూ, అదీ దిగుతది."