ఆ కొస పట్టుకో

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. పిల్లలు దయ్యాల కబుర్లు చెప్పుకుంటుంటే పిలిచి మరీ క్లాసు పీకే రకం. "ఏదీ, కొలిచి చూపించు" అంటాను. ఇలాంటి అనుభవాలు రాసేవాళ్ళందరూ ముందు ఈ మాటే చెబుతారని నాకూ తెలుసు. నాకు జరిగింది భయపడేదే అయితే ఎప్పుడో ఎవరికో ఒకరికి చెప్పేసి ఉండేవాణ్ణి. సిగ్గుపడేది కాబట్టి రెండేళ్ళుగా నోరు విప్పలేదు.

ఉండేది సత్తెనపల్లి. సొంతూరు అక్కడికి బండి మీద ఇరవై నిమిషాలు. ఊళ్ళో మా అక్క కరుణమ్మ ఉంటుంది. నాకంటే పదకొండేళ్ళు పెద్దది. అక్షరాలు పట్టుబడకముందే బడి మానేసి మిరప కోతలకు, పత్తి తీతలకు వెళ్ళింది. అమ్మానాన్నలు నా చిన్నప్పుడే పోతే, ఆ కూలితోనే నన్ను బీఈడీ దాకా చదివించింది. బావ పోయి ఏడేళ్ళయింది. పిల్లల్లేరు. ఇప్పుడు ఎకరన్నర కౌలుకు తీసుకుని మిరప వేస్తుంది.

మిరప సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. కోసిన కాయను కల్లంలో పరిచి ఎండబెడతాం. సాయంత్రం కాగానే మంచు పడకుండా పైన టార్పాలిన్ పట్టాలు కప్పుతాం. పొద్దున మంచు విడిచాక తీసేస్తాం. తీయడం ఆలస్యమైతే లోపల కాయ చెమ్మగిల్లి మచ్చలు పడుతుంది. రాత్రంతా మంచు తాగిన పట్టా మహా బరువు. ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగితేనే వస్తుంది. మా అక్క కల్లంలో ఆ రెండో మనిషిని నేనే. ప్రతి చలికాలం రెండు పూటలా బండేసుకుని వెళ్ళేవాణ్ణి. "ఆ కొస పట్టుకోరా చిన్నోడా" అనేది అక్క. మా పొద్దు ఆ మాటతోనే మొదలయ్యేది.

ఆ ఏడు చలి ఎంతకీ వదల్లేదు. నవంబరులో దిగిన మంచు జనవరి వచ్చినా అలాగే ఉంది. పదింటిదాకా పక్క కల్లం కనపడేది కాదు. నాకు దగ్గు పట్టుకుంది. పొద్దున్నే ఆ తడిలో బండి నడపడం, తడి పట్టాలు లాగడం, ఆ ఘాటుకు తుమ్ములు, మళ్ళీ ఆలస్యంగా స్కూలుకు పరుగు. విసుగొచ్చింది. ఇది ఇప్పుడు రాస్తుంటే అక్క చలి సంగతి నాకు ఒక్కసారి కూడా తోచలేదని తెలుస్తోంది.

అప్పుడు లెక్కల మాస్టారు శ్రీనివాస్ అండమాన్ ప్రయాణం పెట్టాడు. వాడిది తుళ్లూరు. పొలమంతా రాజధానికి పోయింది. "పొలం పోయాక నాకు చలికాలం సెలవులొచ్చాయిరా" అని నవ్విస్తుంటాడు. హిందీ మాస్టారు రఫీ కూడా సై అన్నాడు. జనవరి సెలవుల్లో చెన్నై మీదుగా వెళ్ళి, ఐదు రోజులు ఎండలో పడుకుని రావడం. ముగ్గురం చిన్నపిల్లల్లా సంబరపడ్డాం.

అక్కకు మాత్రం తిరుపతిలో ట్రైనింగ్ పడిందని చెప్పాను.

"అబద్ధం ఎందుకండీ? నిజం చెప్పి వెళ్ళండి, ఆవిడేం కాదనదు" అంది మా ఆవిడ సునీత. నిజమే, కాదనదు. సంతోషంగా పంపిస్తుంది. అదే నాకు కష్టంగా ఉంది. కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు సముద్రంలో ఆడుకోవడానికి వెళ్తున్నానని ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాను.

అక్క ఆ అబద్ధాన్ని ఎంత బాగా నమ్మిందంటే, మా ఆఫీసర్లను తిట్టింది. "సెలవుల్లో కూడా ట్రైనింగులేందిరా, వాళ్ళకు పెళ్ళాం పిల్లల్లేరా?" అంది. హాస్టల్ కూడు చప్పగా ఉంటదని పండుమిర్చి పచ్చడి సీసాకెత్తి, మూతకు గుడ్డ కట్టి ఇచ్చింది.

"కల్లం సంగతేందక్కా?" అన్నాను, పెద్ద బాధ్యత ఉన్నవాడిలా.

"నువ్వెళ్ళు. ఎవురో ఒకరు రాకపోరు."

"పక్క కల్లం యాకోబుకు చెప్తాలే. రెండు పూటలా వచ్చి పట్టుకుంటాడు" అన్నాను. చెప్పడం మర్చిపోయాను. బట్టలు సర్దుకునే హడావుడిలో, కొత్త నల్లకళ్ళజోడు కొనుక్కునే హడావుడిలో, నిజంగానే మర్చిపోయాను.

మేం శుక్రవారం బయల్దేరాం. ఆ రోజూ శనివారమూ కోతకొచ్చిన ఆడవాళ్ళు ఉన్నారు కాబట్టి పట్టాల పని జరిగిపోయింది. ఆదివారం మా పేటలో ఎవరూ పనికి వెళ్ళరు. అందరూ పదకొండు గంటల ఆరాధనకు గుడికి, అంటే చర్చికి, వెళ్తారు. అక్క కూడా పట్టాలు తీసేసి, చేతులు కడుక్కుని, తెల్లచీర కట్టుకుని వెళ్తుంది. ఆ ఆదివారం ఆమెకు సాయం ఉండాల్సింది యాకోబు. అతనికి ఆ సంగతే తెలియదు.

ఆ పూట మేం ఒక దీవిలో సముద్రం ఒడ్డున ఉన్నాం. అంత ఎండ నేను జనవరిలో ఎప్పుడూ చూడలేదు. పది గంటలప్పుడు ఫోన్ మోగింది. అక్క. ఎత్తబోయి ఆగాను. వెనక అలల హోరు వినపడుతుంది. తిరుపతిలో సముద్రం ఎక్కడిదంటే ఏం చెప్పను? మోగినంతసేపు చేతిలో పట్టుకుని, ఆగాక సైలెంట్లో పెట్టి సంచిలో పడేశాను.

తర్వాత హోటల్ నుంచి తెచ్చుకున్న అన్నంలో అక్క పచ్చడి కలుపుకుని తిన్నాం. రఫీ వేళ్ళు నాక్కుంటూ, "ఎవరు పెట్టార్రా ఇది? చేతులకు దండం పెట్టాలి" అన్నాడు.

"మా ఆవిడ" అన్నాను.

ఎందుకలా అన్నానో చెప్పాలి. అక్క అంటే, అక్క ఏం చేస్తుందన్న మాట వస్తుంది. పన్నెండేళ్ళుగా వాళ్ళతో పని చేస్తున్నా, నన్ను చదివించింది ఒక కూలి మనిషని వాళ్ళకు చెప్పలేదు. "ఊళ్ళో వ్యవసాయం" అని ఊరుకునేవాణ్ణి.

తినడం అయింది. కొబ్బరి బొండాలు కొట్టించుకుని గొడుగు కింద కూర్చున్నాం. శ్రీనివాస్ నా పక్కన. రఫీ మా ఎదురుగా నిలబడి ఫోన్‌తో ఫొటో తీస్తున్నాడు.

"చిన్నోడా! ఆ కొస పట్టుకోరా!"

ఎడమవైపు నుంచి వినపడింది. తల తిప్పాను. పదిహేను అడుగుల దూరంలో, తడి ఇసుకలో అక్క నిలబడి ఉంది. కట్టుకున్నది పని చీర. దాని మీద మగవాళ్ళ చొక్కా. మా వైపు మిరప కోతకెళ్ళే ఆడవాళ్ళు చేతులు మండకుండా చీర మీద పాత చొక్కాలు తొడుక్కుంటారు. అక్క తొడుక్కునేది నాదే. లేత నీలం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎర్ర పెన్ను కారి జేబు దగ్గర మరకైతే ఇచ్చేశాను. ఆ మరక నాకు స్పష్టంగా కనపడింది. తలకు తువ్వాలు. రెండు చేతులూ ముందుకు చాచి, దేన్నో పట్టుకున్నట్టు పిడికిళ్ళు బిగించి ఉంది. నా వైపే చూస్తోంది.

నాకు భయం వేయలేదు. ముందు, అక్క ఇక్కడికి ఎలా వచ్చిందనుకున్నాను. ఆ వెంటనే, ఈ అవతారంతో వీళ్ళ ముందుకా అనుకున్నాను. ఈ రెండో ఆలోచనను రెండేళ్ళుగా ఎంత కడిగినా పోవడం లేదు.

బొండాం ముఖానికి అడ్డం పెట్టుకుని కుడివైపు తిరిగాను.

"ఎవర్రా ఆవిడ? నిన్నే పిలుస్తోంది" అన్నాడు శ్రీనివాస్.

"నాకేం తెలుసు. ఇక్కడ తెలుగువాళ్ళు చాలామంది ఉంటారంటగా. ఎవరో కూలి మనిషి" అన్నాను.

ఒక నిమిషం బొండాం తాగినట్టు నటించి మళ్ళీ తిరిగి చూస్తే అక్కడ ఎవరూ లేరు. ఆ మధ్యాహ్నమే నేను అక్కణ్ణుంచి చెట్ల దాకా నడిచి చూశాను. మూడు నిమిషాలు పట్టింది. మధ్యలో మరుగన్నది లేదు.

రెండు గంటలకు సంచిలోంచి ఫోన్ తీస్తే సునీత నుంచి తొమ్మిది కాల్స్ ఉన్నాయి. అక్క కల్లంలో పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు.

యాకోబు కోసం చూసి చూసి, వస్తాడో రాడో కనుక్కుందామని నాకు ఫోన్ చేసిందట. నేను ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆగమనేవాణ్ణి. ఆరాధనకు వేళైపోతోందని తనే పట్టా లాగబోయింది. తడి పట్టా జారి, కాలు మెలికపడి, గట్టు మీద నుంచి పడింది. గుడిలో అక్క కనపడలేదని ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేదాకా, దాదాపు రెండు గంటలు, ఆ ఘాటులో అలాగే పడుంది.

నేను తిరిగి రావడానికి రోజున్నర పట్టింది. దారిలో ఏమీ తినలేదు. పచ్చడి సీసా మాత్రం పారేయలేక, చెన్నై నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆపరేషన్ అయిన మర్నాడు అక్క మాట్లాడింది. పక్కన సునీత ఉంది. నేను మంచం దగ్గర స్టూలు మీద కూర్చున్నాను.

"ట్రైనింగ్ మధ్యలో వచ్చేశావా? ఏమన్నారు మీ సార్లు?" అని అడిగింది ముందు.

"ఏమీ అనలేదక్కా."

"పడ్డప్పుడు గుడి గంట కొడతన్నారురా. నాకు కళ్ళు తిరిగినయ్. అప్పుడు నువ్వు కనపడ్డావు. ఏదో పెద్ద నీళ్ళ ఒడ్డున, గొడుగు కింద కూర్చున్నావు. నల్లకళ్ళజోడు, చేతిలో బొండాం, దొరబాబులాగా." అక్క నవ్వబోయి, నొప్పికి ఆగిపోయింది. "ఆ కొస పట్టుకోరా అని పిలిచా. నువ్వు అటు తిరిగావు. నీకు వినపడలేదనుకుంటా, కదరా?"

సునీత నా వైపు చూసింది. నేను ఎక్కడికి వెళ్ళానో ఆమెకు తెలుసు. బొండాం సంగతి మాత్రం ఆమెకు కూడా నేను చెప్పలేదు.

అక్క నా జవాబు కోసం చూస్తోంది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం నా జన్మలో రాదు.

"వినపడలేదక్కా" అన్నాను. "నేను తిరుపతిలో క్లాసులో ఉన్నాగా."

"అవునులే. కళ్ళు తిరిగితే ఏవేవో కనపడతయ్" అని అక్క కళ్ళు మూసుకుంది.

తర్వాత నాకు చేతనైన లెక్కలన్నీ వేశాను. అబద్ధం చెప్పి వెళ్ళాను కాబట్టి మనసే అక్కను చూపించి ఉంటుందని అనుకున్నాను. అలా అయితే శ్రీనివాస్‌కు కనపడకూడదు. వాడికి ఏమీ చెప్పకుండానే, ఆ రోజు ఒడ్డున ఎవరైనా కనపడ్డారా అని అడిగాను. "చీర మీద చొక్కా వేసుకున్నావిడేగా? ఏదో కొస పట్టుకోమంది" అన్నాడు. నిజంగా ఎవరో తెలుగు కూలి మనిషే అయి ఉంటుందని కూడా అనుకున్నాను. ఆ మరక ఆమె జేబు మీదికి ఎలా వచ్చిందో తెలియదు. ఇక అక్కకు ఆ బొండాం, ఆ కళ్ళజోడు ఎలా కనపడ్డాయో నా ఫిజిక్స్‌లో ఎక్కడా లేదు.

రఫీ తీసిన ఫొటో మా ముగ్గురి గ్రూపులో ఇంకా ఉంది. దాని మీద టైం పదకొండు దాటి నాలుగు నిమిషాలు. మా ఊరి గుడిలో గంట కొట్టేది పదకొండుకు. తడి ఇసుక అంతా ఫొటోలో కనపడుతోంది. అక్క లేదు. శ్రీనివాస్ ఎడమవైపు చూస్తున్నాడు. నేను బొండాం అడ్డం పెట్టుకుని కుడివైపు తిరిగి ఉన్నాను. ఏమీ తెలియనివాళ్ళు చూసినా, వీడు ఎవరికో ముఖం తప్పిస్తున్నాడని చెప్పేస్తారు.

కౌలు వదల్లేదు అక్క. ఇప్పుడు కల్లం గట్టు మీద కుర్చీ వేసుకుని, పక్కన చేతికర్ర పెట్టుకుని కూర్చుంటుంది. పట్టాలు నేనూ యాకోబూ తీస్తాం. అలవాటు కొద్దీ "ఆ కొస పట్టుకోరా చిన్నోడా" అని కేకేస్తుంది. నేను అప్పటికే పట్టుకుని ఉంటాను. అయినా "పట్టుకున్నానక్కా" అని గట్టిగా, అందరికీ వినపడేలా అంటాను. ఏంటో వీడు, చెవుడొచ్చినట్టు అరుస్తాడని నవ్వుకుంటుంది.

ఇంతవరకూ ఆమెకు నిజం చెప్పలేదు. ఇదంతా ఇక్కడ రాయగలిగానంటే నాకు ధైర్యం వచ్చిందని అనుకోకండి. అక్కకు చదవడం రాదు. ఆ చదువు నాకిచ్చింది.