ఫోనెంత చెప్తాందిరా?

మా కారు మీటర్లో అరవై ఉంటే రోడ్డు మీద యాభై ఆరే. ఈ సంగతి కనిపెట్టింది నేనే. ఎనిమిదో తరగతిలో బడికి దండం పెట్టినోడు కనిపెట్టిన ఒకే ఒక్క సంగతి గనక కొన్నాళ్ళు కనపడినోళ్ళకల్లా చెప్పుకుంట తిరిగినా.

కారు గిద్దలూరు స్టాండులో ఉంటది. నాయనా నేనూ ఇద్దరం దాని మీదనే బతికేది. దూరం బాడుగలకు ఇద్దరం పోతాం, ఒకరు తోలితే ఒకరు పక్కన. మూడేళ్ళ కిందట ఫోన్ ముందు అద్దం దగ్గర తగిలించినప్పుడు, దారి చూపించే బొమ్మ కింద స్పీడు కూడా పడుతుందని చూసినా. మీటరు ముల్లు ఒకటి చెప్తాంది, ఫోన్ ఇంకోటి చెప్తాంది. ఎప్పుడు చూసినా ఫోన్‌దే నాలుగో ఐదో తక్కువ.

"మీటరే కరెక్టు. అది కారుతో పాటు పుట్టింది" అన్నారు స్టాండులో కొందరు.

"ఫోనే కరెక్టు. పైన శాటిలైటు చూస్తాంది గదా" అన్నారు ఇంకొందరు.

సరే, ఇద్దరు తగాదా పడితే మూడో మనిషిని పిలవాల. మూడో మనిషి కిలోమీటరు రాయి. కంభం దాటినాక రోడ్డు తిన్నగా ఉన్నచోట ముల్లును అరవై మీద కదలకుండా పెట్టి తోలినా. నాయన పక్కన గడియారం పట్టుకున్నాడు. అరవై నిజమైతే రాయికీ రాయికీ సరిగ్గా నిమిషం పట్టాల.

రాయి రాకముందు ఊరికే అడిగినా, "నాయనా, ముల్లు చూడకుండా చెప్పు. ఎంత మీద పోతాన్నాం?"

నాయన తల కొంచెం కిటికీ పక్కకు వంచినాడు. "యాభై ఐదు. కాకుంటే ఆరు."

రాయికీ రాయికీ పట్టింది అరవై నాలుగు సెకన్లు. నా లెక్కలు ఎనిమిదో తరగతి దాటలేదు గాబట్టి కారు పక్కకు ఆపి ఫోన్లోనే భాగించినా. యాభై ఆరు, పైన చిల్లర. ఫోన్ గెలిచింది. ఫోన్‌తో పాటు నాయనా గెలిచినాడు.

మెకానిక్కును అడిగితే నవ్వినాడు. మీటరు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కేసి చెప్తుందంట. టైరు అరిగితే చుట్లు ఎక్కువ, కాబట్టి స్పీడూ ఎక్కువ చూపిస్తదంట. అదీగాక కంపెనీవాళ్ళే కొంచెం ఎక్కువ చూపించేట్టు పెడతారంట, మనోళ్ళ కాలు సంగతి తెలిసి. ఫోన్‌కు చక్రంతో పని లేదు, మనం ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగినామో చూసుకుంటది. నిజమే చెప్తది గానీ ఒక క్షణం ఆలస్యంగా. బ్రేకు వేసినాక కూడా పాత నంబరే పట్టుకుని కాసేపు నిలబడతది.

మరి నాయనకు ఎట్ల తెలిసింది? ఆయన నేర్చుకున్న జీపుకు మీటరు ఉండేది గానీ ముల్లు సున్నా మీదే నిద్రపోయేది. అప్పట్లో రాచర్ల రోడ్డు మీద తిరిగే జీపులన్నీ అంతే. మీటరు కేబులు తెగితే ఎవురూ వేయించేవాళ్ళు కాదు. తెగకపోతే వాళ్ళే పీకేసేవాళ్ళు, రేపు అమ్మేటప్పుడు బండి తక్కువ తిరిగినట్టు కనపడాల గదా. లోపల పద్దెనిమిది మందిని కుక్కి, వెనక నలుగురిని వేలాడదీసి, నాయన ఆ బండిని చెవితోనే తోలినాడు. ఇంజను గొంతు, కిటికీ సందులో గాలి, టైరు కింద రోడ్డు. వాటిని విని నలభయ్యా యాభయ్యా అని చెప్పేవాడు. ముల్లు ఉండే కారు వచ్చినాక కూడా ముల్లును చూసే అలవాటు ఆయనకు పడలా.

నాకు ఇంకేం కావాల? స్టాండులో టీ పందేలు పెట్టినా. ముల్లు మీద గుడ్డ కప్పి, నాయనను నంబరు చెప్పమని, ఫోన్ నా చేతిలో పెట్టుకుని చదివేవాణ్ణి. నంబరు చెప్పినాక నాయన రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పకుండా "ఫోనెంత చెప్తాందిరా?" అనేవాడు. ఎప్పుడూ ఒకటో రెండో తేడా, అంతే.

పోయిన ఎండాకాలం ఒక కుటుంబాన్ని శ్రీశైలం తీసకపోతాన్నాం. నాయన తోలతాన్నాడు. పెద్దదోర్నాలలో టీ తాగినప్పుడే మా నాయన చెవుల గురించి వాళ్ళకు ఊరించి ఊరించి చెప్పినా. చెక్‌పోస్టు దాటినాక అడిగినా.

"నలభై ఐదు" అన్నాడు నాయన.

ఫోన్లో యాభై ఒకటి ఉంది.

వెనక పిల్లలు ముందుకు వంగి నా మొహమే చూస్తాన్నారు. నాయన కూడా ఒక్కసారి నా పక్కకు చూసినాడు. పరీక్ష రాసి వచ్చి, మార్కుల కోసం నిలబడ్డ పిల్లోడి చూపు. జన్మలో పాస్ మార్కులు ఎరగనోణ్ణి, నేను నాయనకు మార్కులు వేయాల్సి వచ్చింది.

"నలభై ఆరు! ఒక్కటే తేడా!" అన్నా. పిల్లలు చప్పట్లు కొట్టినారు.

అడవిలో కొండల మధ్యన ఫోన్‌కు శాటిలైటు సరిగ్గా అందదు, నంబరు అటూ ఇటూ దూకుతాంటది. నేను చెప్పింది అబద్ధం కాదు, సర్దుబాటు అనుకున్నా. కానీ తిన్నటి రోడ్డు మీద కూడా సర్దుబాటు చేయాల్సి వచ్చింది. ఆరు తేడా ఎనిమిది అయింది, ఎనిమిది పన్నెండు అయింది. కొత్త టైర్లు వేసినాం గదా, చప్పుడు తగ్గిందిలే అనుకున్నా. రోడ్డు కొత్తగా వేసినారు, అద్దాలు ఎత్తి ఏసీ పెట్టినాం... సాకులకేం, నాకు చేతినిండా పని.

ఇంట్లో టీవీ చప్పుడుకు పక్కింటోళ్ళు కూడా వార్తలు వింటాన్నారు. అమ్మ ఒక పొద్దు నన్ను వంటింట్లోకి పిలిచింది.

"మీ నాయనకు చెవులు పోతాన్నాయి రా."

"నువ్వు ముప్పై ఐదేండ్లు అరిచినాక పోకుండా ఎట్ల ఉంటాయి?"

"నీ ఎకసెక్కాలు ఆపు. ఒక్కణ్ణి పంపొద్దు. పక్కన నువ్వు కూర్చో."

కూర్చున్నా. చిన్న బాడుగలకు కూడా కూర్చున్నా. కూర్చుని చేసిందేంది? ఆయన యాభై అంటే నేనూ యాభై అన్నా. కాలిని ఎంత తొక్కాలో ఆయనకు చెప్పేది చెవి. చెవికి తక్కువ వినపడేకొద్దీ కాలు ఎక్కువ తొక్కుతాంది. ముల్లు నిజం చెప్తానే ఉంది గానీ, ఆ ముల్లు అబద్ధాలకోరు అని ఊరంతా చాటినోణ్ణి నేనే. ఒకసారి ధైర్యం చేసి "నాయనా, మీటర్లో డెబ్బై ఉంది" అన్నా.

"దాని మాట నమ్మొద్దని నువ్వే గదరా రుజువు చేసినావు" అని నవ్వినాడు. నేనూ నవ్వినా. తేడా నాలుగే గదా నాయనా, ఇరవై కాదు గదా అని నోటి దాకా వచ్చింది. మింగినా.

ఒకరోజు రాచర్ల నుంచి ఒక పెద్దమ్మను తెచ్చి గిద్దలూరులో రైలుకు ఎక్కించాల. కూతురి దగ్గరికి నంద్యాల పోతాంది. తొమ్మిది దాటింది, ఎండ బాగానే ఉంది. నాయన తోలతాన్నాడు, నేను పక్కన, ఆమె వెనక సంచి ఒళ్ళో పెట్టుకుని. వెనకాల లారీ ఒకటి దారి ఇమ్మని పెద్దగా హారన్ కొడతాంది. ఆగకుండా కొడతాంది. నాయన అద్దంలోకి కూడా చూడలా. ఫోన్లో డెబ్బై ఒకటి.

మలుపు తిరగ్గానే రోడ్డు నిండా గొర్రెలు.

నాయన బ్రేకు మీద నిలబడినాడు. కారు అడ్డంగా ఈడ్చుకుంట పోయి ఆగింది. లారీ మా పక్క నుంచి రోడ్డు దిగి, దుమ్ము లేపి, ముందుకు పోయి నిలబడింది. గొర్రె ఒకటి బానెట్టుకు మూతి ఆనించి చూస్తాంది. కారు ఆగిపోయినాక కూడా ఫోన్లో నంబరు ఇంకా దిగుతానే ఉంది. నలభై. ఇరవై రెండు. సున్నా.

ఎవురికీ ఏం కాలా. గొర్రెలాయన కర్ర పట్టుకుని వచ్చినాడు. నాయన వయసే ఉంటది.

"ఏందన్నా, అంత స్పీడు? నా మనవడు మందకు అవతల ఉన్నాడు, సూడు!"

నాయన అద్దం దించి, చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"స్పీడు ఎక్కడిది? యాభై దాటలా" అన్నాడు. మాటలో కొంచెం కూడా తడబాటు లేదు. నా భుజం మీద చెయ్యేసినాడు. "కావాలంటే మా వాణ్ణి అడుగు. ఫోన్ చూస్తానే ఉన్నాడు. చెప్పురా."

నోట్లో జోకు తయారుగానే ఉంది. గొర్రెలకు కూడా లైసెన్సు ఉండాలనో ఏదో. అది అంటే అందరూ నవ్వుతారు, గొర్రెలాయన తిట్టుకుంట పోతాడు, నాయన మళ్ళీ గేరు వేస్తాడు. అవతల పిల్లోడు ఒక గొర్రెపిల్లను ఎత్తుకుని నిలబడినాడు.

"డెబ్బై ఒకటి, నాయనా."

"ఎంత?"

గట్టిగా చెప్పినా. గొర్రెలాయనకూ పెద్దమ్మకూ లారీ వాడికీ అందరికీ వినపడేట్టు.

నాయన నన్ను చూసినాడు, ఫోన్‌ను చూసినాడు. కోప్పడతాడనుకున్నా.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

అది స్పీడు గురించి అడిగిన మాట కాదు.

"ఎండాకాలం నుంచి."

ఇంజను ఆపి, తాళం దానికే వదిలి దిగినాడు. నా పక్కకు వస్తాడేమోనని జరిగి స్టీరింగు ముందుకు మారినా. ఆయన వెనక తలుపు తీసి పెద్దమ్మ పక్కన కూర్చున్నాడు. "ప్రభువు కాపాడినాడులే అన్నా" అని ఆమె రెండుసార్లు అనింది. వినపడిందో లేదో, తల మాత్రం ఊపినాడు. స్టేషను దాకా ముల్లును యాభై దాటనియ్యలా నేను. ఎవురూ నంబరు అడగలా.

ఆ మరుసటి వారం మార్కాపురం తీసకపోయినా, చెవులు పరీక్ష చేయించడానికి. అక్కడ చిన్న గాజు గది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినపడితే చెయ్యెత్తమని ఒకమ్మాయి వివరంగా చెప్పింది. నేను ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చోబోయినా.

"అమ్మా, వీణ్ణి బయట కూర్చోబెట్టు" అన్నాడు నాయన. "ఎదురుగా ఉంటే వాడి మొహం చూసి చెయ్యెత్తుతా. నన్ను పాసు చేయించాలని చూస్తాడు వాడు."

ఆ పిల్ల నవ్వింది. అలవాటు కొద్దీ నేనూ నవ్వినా. నాయన నవ్వలా.

బయట బెంచీ మీద కూర్చున్నా. గాజులోంచి ఆయన వీపు, మోకాలి మీద కుడి చెయ్యి కనపడతాన్నాయి. ఆ పిల్ల మీట నొక్కుతాంది, రాసుకుంటాంది, మళ్ళీ నొక్కుతాంది. నాయన తల కొంచెం పక్కకు వంచినాడు. చెయ్యి మోకాలి మీదనే ఉంది.