వెనక సీట్లో కళ్లు మూసుకునే మనిషి

మా మెకానిక్ మామ పోయాడని ఫోను వచ్చేసరికి నేను తడలో, మా కంపెనీ పార్కింగులో కారుకు తాళం వేస్తున్నాను. చేసింది ఆయన భార్య, నేను అత్తా అని పిలిచే మనిషి. "మీ మామ పోయినాడు పాపా, ఇప్పుడే" అని పెట్టేసింది. మళ్లీ తాళం తీసి కార్లోనే కూలబడ్డాను. ఎంతో ముచ్చటపడి తీర్చిదిద్దుకున్న ఆ కారంటే ఆ నిమిషంలో నాకు కలిగినంత అసహ్యం ఇంకెప్పుడూ కలగలేదు. ఎందుకో చెప్పాలంటే ఆయన గురించి చెప్పాలి.

ఆయన మాకు చుట్టం కాదు. దొరవారిసత్రం నుంచి పులికాట్ వైపు లోపలికి పోతే మా ఊరు. ఊరి మొదట్లోనే ఆయన రేకుల షెడ్డు. నాకు డ్రైవింగు నేర్పింది ఆయనే. ఆడపిల్లకి కారెందుకని ఊరంతా మూతి తిప్పుతుంటే, "ఎక్కింది ఆడో మగో బండికి తెలుస్తాదా?" అని తాళాలు నా చేతిలో పెట్టాడు. సాయంత్రం పని ముగిశాక గూడూరు నిమ్మచెక్కతో చేతుల గ్రీజు రుద్దుకుంటూ కూర్చునేవాడు. ఎంత రుద్దినా గోళ్లలో నలుపు మాత్రం పోయేది కాదు.

బండి బాగుచేశాక ఆయన స్టీరింగు ముట్టేవాడు కాదు. నడపమని ఓనరుకే చెప్పి, తను వెనక సీట్లో నడిమధ్యన కూర్చుని కళ్లు మూసుకునేవాడు. ఊరి నుంచి హైవే దాకా ఉన్న ఆరు కిలోమీటర్ల గుంతల రోడ్డే ఆయన పరీక్ష. "స్టీరింగు పట్టుకున్నోళ్లకి గుంత ముందే కనబడతాది పాపా. వెనకోళ్లకి తగిలినాకనే తెలిసేది" అనేవాడు. ఆ మాట నేను వంద సార్లు విన్నాను, ఒక్కసారీ పట్టించుకోలేదు.

నా కారు పాతది. పక్కనుంచి లారీ పోతే ఊగేది, మలుపులో ఒక పక్కకి ఒరిగిపోయేది. రోజూ తడకి పోయి రావాలి కదా, భయమేసేది. నిజం చెప్పొద్దూ, భయం కంటే రోషం ఎక్కువ. నాతో పనిచేసే మగవాళ్లు హైవే మీద నన్ను దాటిపోయి, క్యాంటీన్లో నవ్వేవాళ్లు. చెన్నైలో ఎవరో పొట్టి స్ప్రింగులు, గట్టి షాకబ్జార్బర్లు వేస్తారని విని మామ దగ్గరికి పోయాను. ఆయన కారు కిందికి దూరి చూసి వచ్చాడు.

"ఉప్పుగాలికి రబ్బరు బుష్షులు చచ్చిపోయుండాయి. అవి మారుద్దాం. షాకబ్జార్బర్లు ముందుండే అట్టాంటివే కొత్తవి వేస్తా. సగం ఊగుడు పోతాది."

"మిగతా సగం?"

"నువ్వు నిదానంగా పోతే అదీ పోతాది."

ఆ మాట నాకు కారం రాసినట్టయింది. ఆ ఆదివారమే చెన్నై పోయి వేయించుకుని, సిగ్గులేకుండా నేరుగా షెడ్డు ముందు తెచ్చి ఆపాను. ఆయన బానెట్ మీద రెండు చేతులూ పెట్టి అదిమాడు. కారు కిందికి దిగలేదు. వెనక ఎక్కి కళ్లు మూసుకున్నాడు. గుంతల్లో ఆయన పళ్లు టకటక కొట్టుకోవడం నాకు వినబడింది. హైవే మలుపులో మాత్రం కారు గీత గీసినట్టు పోయింది.

"మలుపులో బాగా నిలబడింది. అబద్ధం చెప్పకూడదు" అన్నాడు దిగాక. "ఒకనాడు మీ ఆయన్ని నడపమని, నువ్వు యెనక కూచొని చూడు."

"నా కార్లో నేను వెనకెందుకు కూర్చుంటా మామా" అని నవ్వాను. ఆయనా నవ్వాడు. నా కారు చూసి ఊళ్లో ఇంకో ముగ్గురు చెన్నై దారి పట్టారు. షెడ్డు ముందు బండ్లు తగ్గాయి. ఆయన ఆ ఊసెత్తలేదు, నేనూ చూడనట్టే తిరిగాను.

పోయిన నెల షెడ్డులోనే జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అంబులెన్సు రావడానికి గంట పైనే అన్నారు. నా కారే తెచ్చాను. వెనక సీట్లో కాళ్లు ముడిచి పడుకోబెట్టాం, తల అత్త ఒళ్లో. వేగంగా పోతే దెబ్బ పెద్దది. సరే అని నిదానించాను. ఆ స్ప్రింగులు వేగం కోసం చేసినవి, నిదానంగా పోయేవాళ్లని అవి కనికరించవు. ప్రతి గుంతకీ "అమ్మా" అన్నాడు. అద్దంలో చూస్తే, కుదుపు తగలకుండా అత్త ఆయన తలని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంటోంది. సగం దారిలో ఆయన అరవడం మానేశాడు. హైవే ఎక్కాక, కళ్లు మూసుకునే, "ఇప్పుడు బాగా పోతాంది పాపా" అన్నాడు. మెకానిక్‌గా అన్నాడో, నన్ను ఓదార్చడానికి అన్నాడో నాకు తెలియదు.

నెల్లూరులో ఆపరేషను అయింది. తొమ్మిదో రోజు ఊపిరితిత్తులకి నెమ్ము చేరి పోయాడు. ప్రయాణానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. డాక్టరు నా కారు వెనక సీట్లో కూర్చోలేదు.

ఆ సాయంత్రమే అంత్యక్రియల దగ్గర ఆయన చేతి పనితనాన్ని తలుచుకుని అందరికంటే గట్టిగా ఏడ్చింది ఆ చెన్నై స్ప్రింగుల ముగ్గురే. ఒళ్లు మండింది. కానీ వాళ్లకి దారి చూపిందే నేను, ఏ మొహంతో అంటాను?

నన్ను వదలనిది మాత్రం అంతకు ముందు, ఆ మధ్యాహ్నం సంగతి. నెల్లూరు ఆసుపత్రి నుంచి ఆయన్ని వ్యానులో ముందు పంపి, అత్తని నా కార్లో ఎక్కించారు. నేను తాళాలు మా ఆయన చేతిలో పెట్టి అత్త పక్కన ఎక్కాను. నా కార్లో నేను వెనక కూర్చోవడం అదే మొదటిసారి. హైవే దిగాక ఒక్కో గుంత నడుములో దిగబడింది. ఏదీ నాకు ముందుగా తెలియలేదు. అత్త రోడ్డు చూడటం లేదు, ఏడవడమూ లేదు, తల వంచుకుని కూర్చుంది. ప్రతి గుంతకీ కాస్త ముందు, ఒళ్లో ఉన్న ఆమె రెండు చేతులూ ఖాళీగా పైకి లేస్తున్నాయి.